ఎస్తేరమ్మక్క తోటలో ఆకు

చివరి దశ పట్టుపురుగులు ఆకు తింటుంటే షెడ్డంతా చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. ఈ ఉదయం తలుపు తీయగానే ఆ చప్పుడు, పచ్చి మల్బరీ వాసన కలిసి వచ్చాయి. మా కెలమంగలంలో అందరూ ఎరిగిన చప్పుడే. నాకు మాత్రం అది వింటే పక్కతోట ఎస్తేరమ్మక్క గుర్తొస్తుంది. ఆమె పోయి మూడేళ్లయింది.

ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోనని నాకు మహా గర్వం. మా ఆవిడ వెంట చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాణ్ని గానీ, బాప్తిస్మం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. కోపం తగ్గాలి, బీడీ మానాలి, కాస్త మనిషినయ్యాక చూద్దాం అనుకునేవాణ్ని. "ఒళ్లు కడుక్కొని స్నానానికి వస్తావా అప్పా?" అని ఎస్తేరమ్మక్క నవ్వేది.

ఒక వేసవిలో, గాలి వీస్తోందని తెలిసీ తొందరపడి నా టమాటాకు మందు కొట్టాను. అది ఎగిరి ఆమె మల్బరీ మీద పడింది. ఆ ఆకు తిన్న పురుగులు రెండు రోజుల్లో తట్టల నిండా చచ్చిపోయాయి. ఊళ్లో అందరూ ఏదో రోగం అన్నారు. నేనూ తలూపాను. అంత పిరికిపని నా జన్మలో ఇంకొకటి చేయలేదు.

తరువాతి పంటకు నా వంతు వచ్చింది. బోరు ఎండి నా మల్బరీ తోట వాడిపోయింది. పురుగులు గూడు కట్టడానికి ఇంకా ఐదు రోజులుండగానే ఆకు అయిపోయింది. ఆకలితో తలలెత్తి ఊపుతున్న వాటిని చూడలేక బయటికి వచ్చి నిలబడ్డాను. ఎస్తేరమ్మక్క గట్టు మీదికి వచ్చి, "నా తోటలో ఆకుంది, కోసుకో పో" అంది. అది ఆమె కొత్త పంటకు పెంచుకున్న ఆకు. నాకిస్తే ఆమెకు ఆ పంట లేనట్టే.

మూడోరోజు మోపు ఎత్తబోతూ ఆగిపోయాను. ఇక దాచలేకపోయాను.

"అక్కా, నీ పురుగుల్ని చంపింది నేనే. ఆ పొద్దు గాలిలో మందు కొట్టినాను."

"తెలుసప్పా. గాలి ఎటు తిరిగిందో నేనూ చూసినాను కదా."

"తెలిసీ ఎట్ల ఇచ్చినావు?"

"నువ్వు చెప్పేదాకా ఆగింటే నీ పురుగులు బతికేవా?"

నాకు ఏడుపు వచ్చింది. దాని వెనకాలే పాత గర్వమూ వచ్చింది. "ఈ పంట గూళ్లలో సగం నీకే" అన్నాను. ఆమె ముఖం మారింది.

"అట్లయితే మోపు ఈడనే పెట్టి పో. నేనేమీ అమ్మలేదు. ఏసయ్య నాకిచ్చింది కూడా ఊరికేనే."

అవతల నా షెడ్డులో పురుగులు ఆకలితో చస్తున్నాయి. చివరికి నోరు మూసుకుని మోపు తలకెత్తుకున్నాను. ఒకరి దగ్గర ఊరికే తీసుకోవడం నాకదే మొదలు.

వారం తిరిగేసరికి, పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికల నిండా పసుపుపచ్చని గూళ్లు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, బాప్తిస్మం కావాలన్నాను. "సిద్ధపడ్డావా?" అన్నాడు పాస్టరయ్య. "లేదయ్యా. అయినా ఇప్పుడే కావాలి" అని, మందు సంగతీ ఆకు సంగతీ అందరి ముందూ చెప్పేశాను. ముందు బెంచీలోంచి ఎస్తేరమ్మక్క "హల్లెలూయా!" అని ఎంత గట్టిగా అరిచిందంటే పాస్టరయ్యే ఉలిక్కిపడ్డాడు. నీళ్లలోంచి లేచినప్పుడు అందరికంటే గట్టిగా నేనే పాడాను, రాగం తప్పినా సరే.

బీడీ ఆ తరువాత ఎప్పుడో మానాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, కావాలంటే మా ఆవిడ్ని అడగండి. అయినా రోజూ లేవగానే నాకు పట్టలేనంత సంతోషంగా ఉంటుంది. నేను మంచివాణ్నయ్యానని కాదు. నా సంగతంతా తెలిసే దేవుడు నన్ను పిలిచాడని.