ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా

ఇరవై రెండేళ్ల సర్వీసులో లిగాయ టీచరు పిల్లల మీద గొంతు పెంచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ ఒక్క తప్పుకే. నిరూపక తలం మీద బిందువును గుర్తించమంటే కొందరు అంకెలు తారుమారు చేసేవాళ్లు. ముందు అడ్డంగా నడవాలి, తర్వాత నిలువుగా ఎక్కాలి అని ఆమె చెవినిల్లు కట్టుకుని పోరేది. (2, 5) ఒక చోటు, (5, 2) ఇంకో చోటు. జాంబలెస్ తీరంలోని ఆ పల్లెలో కాస్తో కూస్తో చదువుకున్న ప్రతి జాలరికీ ఆ పాఠం చెప్పింది ఆవిడే.

మొగుడు ఫెర్మిన్‌కు మాత్రం బడి వంటబట్టలేదు. అతని బతుకంతా ఒక పాయావ్ మీద నడిచేది. నడిసముద్రంలో లంగరేసి ఉంచిన వెదురు తెప్ప అది. దాని కింద వేలాడగట్టిన కొబ్బరి మట్టల నీడకు సూర చేపలు చేరతాయి. అదెక్కడుందో పక్కవాడికి తెలిసిందా, తెల్లారేసరికి ఊడ్చుకుపోతాడు. అందుకే పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పరు. పటం మీద డిగ్రీలు ఊరందరికీ తెలిసినవే, దాచుకోవాల్సినవి డిగ్రీల తర్వాత వచ్చే నిమిషాల అంకెలు రెండే.

ఉత్తరానికి పదిహేడు, తూర్పుకు నలభై రెండు అని ఫెర్మిన్ చెప్పాడు. ఎవరి కంట పడినా లెక్కే అనుకుంటారని లిగాయ తన పాఠాల నోటుబుక్కు చివర (42, 17) అని రాసుకుంది. తూర్పు అడ్డం, ఉత్తరం నిలువు. ఆలోచించి రాసింది కాదు, చెయ్యి దానంతటదే రాసింది.

అక్టోబరులో గాలివాన వెలిశాక ఫెర్మిన్, అతని తోడు తాసియో తిరిగి రాలేదు. పడవ విరిగినా పాయావ్‌ను పట్టుకుని ఉంటారని అందరి ఆశ. లిగాయ నోటుబుక్కు తీసుకుని తీర రక్షణ ఆఫీసుకు పరుగెత్తింది. నలభై రెండు, పదిహేడు అని చదివింది. అధికారి రాసుకున్నాడు. మొగుళ్ల జాడ తెలియక ఏడ్చే ఆడవాళ్లను చాలామందిని చూసిందామె. తన దగ్గర కచ్చితమైన చోటుందన్న ధీమాతో ఆ పూట నాలుగు మెతుకులు కూడా తినగలిగింది.

రెండు రోజులు వెతికారు. అక్కడ తెప్పా లేదు, మనుషులూ లేరు. మూడో రోజు పొద్దున అధికారి గోడ మీది పటంలో తాము వెతికిన చోటు చూపించాడు. ఆ పెన్సిల్ చుక్క చూడగానే లిగాయ పటం దగ్గరికి వెళ్లి దాని మీద వేలు పెట్టింది.

"నలభై రెండు తూర్పు సార్. ఉత్తరం కాదు."

"సముద్రం మీద ముందు ఉత్తరమే చెబుతామమ్మా" అన్నాడాయన, తప్పు తనదే అయినట్టు మెల్లగా. చుక్కకూ పాయావ్‌కూ మధ్య అరవై కిలోమీటర్ల పైనే ఉంది.

మధ్యాహ్నానికి ఇద్దరినీ తెచ్చారు. తాసియోకు ప్రాణముంది. ఫెర్మిన్ మీద గుడ్డ కప్పారు.

ఆసుపత్రిలో తాసియో పెదాలు ఉప్పుకు పగిలి వాచిపోయి ఉన్నాయి. ఎప్పుడు పోయాడని మాత్రమే లిగాయ అడిగింది.

"నిన్న సాయంత్రం దాకా ఉన్నాడక్కా. ఎవరూ రావట్లేదని నేనేడుస్తుంటే నన్నే తిట్టాడు. 'రాసుకుంది మా టీచరమ్మరా, అది అంకె తప్పదు, నోరు మూసుకుని చూడు' అన్నాడు. మాట పడిపోయేదాకా అదే మాట."

 లిగాయ ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. అంకెలు తారుమారైన సంగతి అధికారి కూడా ఎవరికీ చెప్పనన్నాడు. కానీ ఆ మంచం పక్కన కూర్చుని దొంగ ఏడుపు ఏడవడం ఆమెకు చేతకాలేదు. తను రాసింది, చదివింది, వాళ్లు అర్థం చేసుకున్నది, అంతా దాచకుండా చెప్పేసింది.

తాసియో అంతా విన్నాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.