శివారు కరెంటు

మా పక్క వాటాలో ఉండే ఆయన్ని నేను బావా అనేవాణ్ని. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. బందరులో ఒకే గోడకి అటూ ఇటూ ఏళ్ల తరబడి కాపురం ఉండటం వల్ల కలిసిన వరస అది. వయసులో ఉండగా ఆయన నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఒక ఏడాది గొంతులో పుండు లేచింది. నయమయ్యాక మాట మిగిలింది గాని పాట పోయింది. ఆ మాటైనా గరగరమంటూ, దగ్గరికి జరిగి వింటేనే తెలిసేది.

ఆ తరవాతే ఆయన గిటారు పట్టాడు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఎడం చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే రకం అది. హార్మోనియంలో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య ఏమీ ఉండదు. పద్యం పాడేవాడి గొంతు తిరిగేదేమో ఆ మధ్యలోనే. ఉక్కు కడ్డీ అక్కడ జారగలదు.

"గొంతుతో చేసినవన్నీ దీంతో చెయ్యొచ్చు బావా, ఒక్కటి తప్ప," అనేవాడు.

ఆ ఒక్కటీ నిలబడటం. తీగ మీటగానే ఖంగున మోగుతుంది, వెంటనే సన్నగిల్లిపోతుంది. నాటకంలో రాజు వేషగాడు పద్యం ముగించి రాగం అందుకున్నాడంటే ఒక పట్టాన వదలడు. జనం "ఒన్స్ మోర్" అని అరిచేదాకా సాగదీస్తాడు. హార్మోనియం తిత్తితో గాలి ఊదుతూ ఆయన వెంటే ఉంటుంది. గిటారు మాత్రం దారిలో పదిసార్లు ఆగి మళ్లీ మొదలెట్టాలి.

యుద్ధం అయిపోయిన కొత్తలో నాటకాల కాంట్రాక్టరు ఈ సంగతి తేల్చేశాడు. "మీ మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్లూ కూచోబెట్టానండీ. రాజు వేషం ఆయన రాగం తీస్తుంటే మీ గిటారు మధ్యమధ్యలో దగ్గుతున్నట్టుంది. అదైనా మూడో వరస దాటదు. గుడివాడ ఆటలో చూస్తాను. చివరి బెంచీ దాకా వినపడాలి, రాగం ఆఖరిదాకా నిలవాలి. లేదంటే మనకి హార్మోనియం చాలు."

బావ ఈ మాటలు నాకు చెప్పి, గోడకి ఆనించిన గిటారు వంక చూశాడు. "ఇది కూడా పోతే ఇక నోరు మూసుకోవడమే," అన్నాడు.

నేను కాలువల శాఖలో గుమాస్తాని. లాకుల దగ్గర నీటిమట్టం చూసి లెక్క కట్టడం నా పని. బడిలో నేర్చిన లెక్కలు తక్కువ. మిగతావి కాలువ గట్టు మీద, పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. ఆ రోజుల్లో నాకు రేడియో పిచ్చి. అట్టలు ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, తెలియని మాటల్ని దాటేస్తూ అంకెలనీ బొమ్మలనీ పట్టుకుని చదివాను.

రేడియోలో ఉండే గాజు బుడ్డిని వాల్వు అంటారు. అది నాకు అర్థమైంది లాకు వల్లే. లాకు తలుపుని ఒక్క మనిషి తిప్పుతాడు. ఆ మనిషి బలం ఎంత? కానీ తలుపు కాస్త లేస్తే వచ్చే నీటి బలం వేరు. ఆ గాజు బుడ్డిలోనూ అంతే. లోపల కాలే తీగ నుంచి రేకు దాకా కరెంటు ప్రవహిస్తుంది. మధ్యలో సన్నటి తీగల జల్లెడ ఒకటి ఉంటుంది. దానికి అందే చిన్న కదలిక ఆ పెద్ద ప్రవాహాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. గిటారు తీగ వణుకు ఆ జల్లెడకి అందితే చాలు, చివరి బెంచీ దాకా పోయే బలం అవతల నుంచి వస్తుంది.

మిలిటరీ వాళ్లు అమ్మేసిన సామాన్లలో వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, చెవికి పెట్టుకునే ఫోన్లు దొరికేవి. ఫోనులోని అయస్కాంతాన్నీ రాగితీగ చుట్టనీ ఊడదీసి గిటారు తీగల కింద బిగించాం. శబ్దం పెంచే యాంప్లిఫయరు సెట్టు నేను కట్టాను. పుస్తకంలో ఒక్కో వాల్వుకి ఒక గీత ఉంటుంది. మొదట వంకరగా లేచి, మధ్యలో తిన్నగా నడిచి, పైన వాలిపోతుంది. ఆ తిన్నటి భాగం దాటకుండా చూసుకుంటే లోపలికి పోయిన శబ్దమే పెద్దదై బయటికి వస్తుంది. కొంచెం కూడా మారదు. నా లెక్కంతా ఆ తిన్నదనం కోసమే.

బందరులో మా వరండాలో వాయించి చూశాం. మోత పెంచే మీట చివరిదాకా తిప్పినా శబ్దం అద్దంలా ఉంది. వీధిలో పోయేవాళ్లు నిలబడిపోయారు. నాకు గర్వంగా అనిపించింది.

బావ తీగ మీటి, కళ్లు మూసుకుని, అది ఆగేదాకా విన్నాడు. "బాగుంది బావా. ఇదివరకు మెల్లగా చచ్చిపోయేది. ఇప్పుడు పెద్దగా చచ్చిపోతోంది."

 తీగ నిలబడటం అప్పటికి నా లెక్కలో లేదు.

ఆటకి ముందురోజు మధ్యాహ్నం రైల్లో గుడివాడ చేరాం. నాటకాల హాలు రేకుల షెడ్డు. ఊరి చివర, ధాన్యం మిల్లులు దాటాక ఉంటుంది. మిల్లుల రొద ఎంతంటే మాట్లాడాలంటే అరవాలి. సామాను దించి, సెట్టు పెట్టేసరికి సాయంత్రమైంది. బావ ఒక తీగ మీటాడు.

 శబ్దం బొంగురుపోయింది. అంచులు కొట్టుకుపోయి, మందంగా, గరగరగా ఉంది. రైలు కుదుపులకి ఏదో ఊడిపోయిందనుకుని స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఆపకు!" అని బావ అరిచాడు. ఆయన అరవగా వినడం నాకు అదే మొదలు.

తీగ ఇంకా పలుకుతూనే ఉంది. కడ్డీని పైకి జరిపాడు, కిందికి జార్చాడు, ఊపాడు. శబ్దం వదలడం లేదు. రాజు వేషగాడు మూలన బీడీ కాలుస్తున్నవాడల్లా లేచి వచ్చి రాగం అందుకున్నాడు. గిటారు ఆయన వెంట నడిచింది. ఊపిరి చాలక ముందు ఆగింది ఆయనే.

"ఇది కావాలండీ!" అన్నాడు కాంట్రాక్టరు. "రేపు అచ్చం ఇలాగే. ఏమీ మార్చొద్దు."

నేను మాత్రం ఆ రాత్రి సెట్టునీ స్పీకరునీ తుడుస్తూ కూచున్నాను. చెడిపోయిన సెట్టుని అందరూ మెచ్చుకుంటున్నారు. ఎందుకు చెడిందో నాకు తెలియదు.

మర్నాడు మూడింటికి మళ్లీ పెట్టి చూశాం. శబ్దం అద్దంలా ఉంది. ఖంగుమంది, పోయింది.

బావ మళ్లీ మీటాడు. మళ్లీ పోయింది. "నిన్నటి గొంతేదీ?" అన్నాడు. 

వాల్వులు ఊడదీసి తుడిచి పెట్టాను. అతుకులన్నీ లాగి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు. అప్పుడు నాకు ఒక ఊహ వచ్చింది. నిన్న మిల్లుల తవుడు దుమ్ము హాలంతా మంచులా పడింది. రాత్రి నేనే గుడ్డ పెట్టి లౌడ్‌స్పీకరు కాగితాన్ని శుభ్రంగా తుడిచాను. ఆ దుమ్ము బరువుకే కాగితం బొంగురుగా పలికిందేమో? పక్క కొట్టు నుంచి దోసెడు తవుడు తెప్పించి స్పీకరు మీద చల్లాం. బావ మీటాడు. తవుడు ఎగిరి ఇద్దరి ముఖాల మీదా పడింది. శబ్దం మాత్రం మారలేదు.

రాణి వేషం వేసే కుర్రాడు సగం రంగు పూసుకుని వచ్చి చూశాడు. "కుడితి కూడా కలపండి బావగారూ, ఆవులా చేపుకొస్తుంది."

నేను తప్ప అందరూ నవ్వారు. నేను నవ్వకపోవడానికి కారణం కోపం కాదు. ఆ కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి మామూలు గొంతుతో అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది. నిన్నయితే అరిచినా వినపడేది కాదు.

"మిల్లులు ఆడటం లేదా?" అని అడిగాను.

"ఇవాళ సెలవు కదండీ," అన్నాడు కాంట్రాక్టరు. "మిల్లు కూలీలకి సెలవు ఉన్నప్పుడే నేను ఆట పెడతాను. లేకపోతే బెంచీల మీద ఎవరు కూచుంటారు?"

తల ఎత్తి చూశాను. వేదిక మీద దీపం తెల్లగా వెలుగుతోంది. నిన్న అదే దీపం పండిన నారింజ రంగులో ఉంది. సాయంత్రం కాబట్టి అలా కనిపిస్తోంది అనుకున్నాను తప్ప పట్టించుకోలేదు.

దివిసీమ రైతులు ఏటా మా కాలువల ఆఫీసుకి వచ్చి మొత్తుకునేది ఇదే. పైన ఉన్నవాళ్లు తూములన్నీ ఎత్తేస్తే శివారు పొలాలకి కాలువ అడుగునే పారుతుంది. ఈ హాలు కరెంటు తీగకి శివారు. పైన మిల్లుల మోటార్లు ఆడుతుంటే ఇక్కడికి వచ్చేది నీరసపు కరెంటు. ఇవాళ పైన ఎవరూ తోడుకోవడం లేదు, అందుకే నిండుగా వస్తోంది. అంటే నా సెట్టు ఇవాళ బాగానే ఉంది. నిన్న దానికి తిండి తక్కువైంది.

మరి తిండి తక్కువైతే శబ్దం ఎందుకు నిలిచింది? కింద కూచుని బొగ్గు ముక్కతో గచ్చు మీద గీశాను. కరెంటు తగ్గితే వాల్వు గీతలో తిన్నటి భాగం పొట్టిదవుతుంది. కాలువ గట్లు దిగిపోయినట్టన్నమాట. తీగ గట్టిగా మోగినప్పుడు అల గట్టు దాటి లేవాలని చూస్తుంది, లేవలేదు, తల తెగుతుంది. ఆ తెగిన తలే గరగర. తరవాత తీగ నీరసపడుతుంది. అయినా అల ఇంకా గట్టు ఎత్తుకి అందుతూనే ఉంటుంది కాబట్టి వినేవాడికి కాలువ నిండుగానే ఉన్నట్టు ఉంటుంది. గట్లు ఎత్తుగా ఉన్నచోట అదే తీగ పడిపోవడం అంతా బయటికి కనిపించేస్తుంది. నేను ఇన్నాళ్లూ గట్లు ఎత్తు చేస్తూ కూచున్నాను.

"అయితే మిల్లులు తిప్పించాలా?" అన్నాడు బావ.

"అక్కర్లేదు. మన కాలువ గొంతుకే ఒక చెక్క అడ్డం పెడదాం."

చెక్క అంటే బల్బు. సెట్టుకి వచ్చే కరెంటు ముందు ఒక బల్బు గుండా నడిచి రావాలి. అది తన వంతు తిని మిగిలినది వదులుతుంది. పక్క గదిలోని చిన్న బల్బు పెట్టి చూశాం. దాని తీగ సన్నం, దారి ఇరుకు. మరీ ఎక్కువ తినేసింది, సెట్టు మూలిగి ఊరుకుంది. ఇంకా పెద్దది కావాలి. హాలులో ఉన్న పెద్ద బల్బు ఒక్కటే, గేటు మీద.

"గేటు చీకటి చేస్తే టిక్కెట్లు ఎవడు చింపుతాడయ్యా?" అన్నాడు కాంట్రాక్టరు.

"పెట్రొమాక్స్ లైటు పెట్టించండి," అన్నాను.

"మీ గిటారు కోసం నా గేటుకి పెట్రొమాక్సా?"

 బావ లేచి వెళ్లి, బల్ల ఎక్కి, బల్బు తానే ఊడదీసుకుని వచ్చాడు. అది బిగించి స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడే దాకా ఆగాం. బావ మీటాడు.

నిన్నటి గొంతే. పైగా నేను లెక్క వెయ్యనిది ఒకటి కనిపించింది. మీటిన ప్రతిసారీ బల్బు కొంచెం వెలిగి, తీగతో పాటు మెల్లగా వాడుతోంది. తీగ గట్టిగా మోగినప్పుడు సెట్టు ఎక్కువ లాగుతుంది, బల్బు ఎక్కువ తింటుంది. గట్టు మళ్లీ దిగుతుంది. అంటే మా చెక్క తనంతట తానే జరుగుతోంది.

ఆట మొదలైంది. నేను చివరి బెంచీలో, మిల్లు కూలీల మధ్య కూచున్నాను. రాజు పద్యం ముగించి రాగం ఎత్తుకున్నాడు. గిటారు ఒకే ఒక్క మీటుతో ఆయన కింద చేరింది. ఆయన పైకి పోతే పైకి పోయింది, వణికితే వణికింది. తెర పక్క నుంచి బల్బు వెలుతురు బావ చేతుల మీద పడి ఊగుతోంది. రాజు రాగం ఆపాక కూడా గిటారు కాసేపు ఒంటరిగా పాడి దిగింది.

"ఒన్స్ మోర్!" అన్నారు. రాజు గొంతు సవరించుకుంటుంటే నా పక్కనున్న మనిషి లేచి, "నువ్వు కాదయ్యా, ఆయన! గిటారాయన!" అని కేక వేశాడు. హాలంతా అదే అందుకుంది. బావ పాడే రోజుల్లో ఆయనకి ఎన్ని ఒన్స్ మోర్లు పడేవో నాకు తెలియదు. అప్పటికి నాకు ఆయన పరిచయం లేదు. ఆ రోజు మాత్రం ఆ కేకలు విని బావ కడ్డీని పంచె చెంగుకి తుడుచుకున్నాడు. తరవాత మళ్లీ వాయించాడు.

ఆ గరగర మనిషి ఏడుపులా ఎందుకు ఉంటుందో తరవాత ఎన్నో కాగితాల మీద గీసి చూశాను. తల తెగిన అల తేలిగ్గానే గీయొచ్చు. దాన్ని వింటే మనసులో కదిలేది ఏమిటో గీయడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

మర్నాడు పొద్దున స్టేషనుకి బయల్దేరుతుంటే కాంట్రాక్టరు వచ్చాడు. పై ఊళ్ల ఆటలకి ఎప్పుడు రావాలో బావకి చెప్పి, హార్మోనియం పక్కన కాదు, ముందు కూచోమన్నాడు. వెళ్లబోతూ ఆగి, "అన్నట్టు, నా గేటు బల్బు ఇచ్చి వెళ్లండి," అన్నాడు.

బావ దాన్ని అప్పటికే తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"గేటుకి ఇంకోటి కొనుక్కోండి," అన్నాడు, ఆ వినీ వినపడని గొంతుతో. కాంట్రాక్టరు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకి వంగాడు. బావ మళ్లీ చెప్పలేదు. రైల్లో బందరు దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూచున్నాడు.