అత్తగారు తిన్న కంద కూర

పెళ్లయిన కొత్తలో, తొంభైల్లో, అమలాపురం దగ్గర మా అత్తగారింటికి మొదటిసారి భోజనానికి వెళ్లాను. మాది పురుగుమందుల కొట్టు. పొద్దస్తమానం విషం డబ్బాలు అమ్ముతూ ఉండటంతో నాకు అన్నిట్లోనూ విషమే కనిపించేది.

ఆ రోజు అత్తగారు నా కోసం ఆవ పెట్టి కంద బచ్చలి కూర వండారు. రెండో ముద్దకే నా గొంతులో ముళ్లు గుచ్చినట్టయింది. పెదాలు వాచాయి. నిన్ననే చేనుకి మందు కొట్టించామని మామగారు అంతకుముందే అన్నారు. అంతే, అరిటాకు ముందు నుంచి లేచి, "ఎవరూ తినకండి! కూరలో పురుగుమందు కలిసింది!" అని అరిచాను. బంధువులంతా చేతులు వెనక్కి తీసుకున్నారు. పక్కింటివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు.

ఊళ్లో డాక్టరుగారు వచ్చి నా నోరు చూసి నవ్వేశారు. "విషం కాదండీ, కంద దురద! చింతపండు తక్కువైందంతే. కాస్త పెరుగు తినండి, తగ్గిపోద్ది."

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "మా అల్లుడుగారికి నేను విషం పెడతానా అండీ?" అంటూ అక్కడే కూర్చుని, గిన్నెలో మిగిలిన కూరంతా తినేశారు. దురదకో, దుఃఖానికో, ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. మా కొట్లో డబ్బాల మీద విషమని ఎర్ర గుర్తయినా ఉంటుంది. నా నోటికి అదీ లేదు.

ఇప్పటికీ ఆవిడ ఏ కూర వండినా, నాకు వడ్డించే ముందు నా ఎదురుగా ఓ ముద్ద తిని చూపిస్తారు. ఆ తర్వాత నాకు ముద్ద దిగదు.