ఐసు ఫ్యాక్టరీ అభ్యంతరం

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కొనలేక కాదు. తను బతికుండగా ఐసుముక్క గడప దాటి లోపలికి రాకూడదని మా అత్తగారి పంతం. కాపురానికి వచ్చిన కొత్తలో, మండుటెండల్లో ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. కారణం తెలిశాక నోరు మూసుకున్నాను.

మా ఆయనకు చిన్నప్పుడు ఒకసారి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోయిందట. నుదుటిమీద పెట్టడానికి ఐసు తెమ్మని అత్తగారు పెద్దపిల్ల చేతికి సత్తు గిన్నె ఇచ్చి వీధి చివరి ఐసు ఫ్యాక్టరీకి పంపింది. ఆ పిల్ల తిరిగి రాలేదు. ఇటువైపే రాలేదన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. వెతకని చోటు లేదు. జ్వరం తగ్గి తమ్ముడు లేచి కూర్చునేసరికి అక్క లేదు. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

పెద్దయ్యాక మా ఆయన పాత కట్టడాల శాఖలో చేరారు. ఏ భవనాన్నైనా రక్షిత కట్టడంగా ప్రకటించే ముందు, దాని గుమ్మంలో నిలబడి ఆ సంగతి గట్టిగా చదివి, "అభ్యంతరం ఏమైనా ఉందా?" అని మూడుసార్లు అడగాలి. జవాబు కోసం ఆగాలి. ఎప్పటిదో పాత చట్టం. నరమానవుడు లేని కొంప ముందైనా అడగాల్సిందే. అదే ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని 'గొంతుగారు' అనేవారు. ఆ అలవాటు ఇంటికీ తెచ్చారు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పి, నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగేవారు. నా అభ్యంతరం వినే ఓపికున్న మొగుడు దొరికాడని లోలోపల మురిసిపోతూనే పైకి విసుక్కునేదాన్ని.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, ఈయనకేమో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పటి కప్పాను.

"పలికిందే" అన్నారు.

"ఎవరు?"

"ఐసు ఫ్యాక్టరీని ప్రకటిస్తున్నారు. చదవడానికి వెళ్ళాను. అభ్యంతరం ఉందా అని అడిగితే, వెనక గోడలోంచి 'ఉంది' అంది."

"పిల్లలెవరో ఆటపట్టించి ఉంటారులెండి."

"మా అక్క గొంతు నాకు తెలీదా?"

పక్కగదిలో మంచం పట్టిన అత్తగారు వినకూడదని తలుపు దగ్గరికి వేశాను. అప్పటికే వినేసింది.

అభ్యంతరం వచ్చిందని మా ఆయన ఆఫీసులో చెప్పారు. డైరెక్టరు పడీపడీ నవ్వాడట. "గోడ అభ్యంతరం చెప్పిందా గొంతుగారూ? ఇంటికెళ్ళి పడుకోండి" అని, అభ్యంతరాలేమీ లేవని రాసి కాగితాలు పైకి పంపేశాడు. ప్రకటన వచ్చేసింది. ఇక మిగిలింది శాసనసభ కమిటీ ఒక్కటే. ప్రకటనలన్నీ పద్ధతి ప్రకారం జరిగాయో లేదో చూసేది ఆ కమిటీయే. అది సరేనందంటే ఆ ఫ్యాక్టరీలో ఇటుక కదిపినా నేరం. గోడ వెనక ఏముందో ఇక ఏనాటికీ ఎవరూ చూడలేరు.

కమిటీ నుంచి సాక్ష్యానికి పిలుపు వచ్చింది. పిచ్చివాడని ముద్ర వేస్తారు, నోరెత్తకండని కాళ్ళావేళ్ళా పడ్డాను. అత్తగారు మాత్రం మంచం మీది నుంచే, "చెప్పి రారా" అంది.

సాక్షి భార్యనని బతిమాలితే నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. ఈయన జరిగింది జరిగినట్టు చెప్పారు. సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు.

"అభ్యంతరం చెప్పినవాళ్ళ మాట వినకుండా ప్రకటించకూడదని చట్టంలో ఉందా, లేదా?" అని డైరెక్టరును అడిగింది.

"ఉందండీ. కానీ లోపల ఎవరూ లేరండీ."

"లేకపోతే మరీ మంచిది. తొందరగా అయిపోతుంది. పదండి, విని వద్దాం."

ఫ్యాక్టరీలో రేకుల కప్పు కింద తుప్పు పట్టిన గొట్టాలు, ఐసు దిమ్మలు పోసే ఇనుప డబ్బాలు అలాగే ఉన్నాయి. వెనక గోడలో ఒకచోట ఇటుకల రంగు వేరు. బయట రోడ్డుమీద తారు కరుగుతోంది. ఆ గోడ దగ్గర మాత్రం అందరి నోళ్ళలోంచీ పొగ వస్తోంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మా ఆయన కాగితం చదివారు. అడిగారు. ఏమీ లేదు. మళ్ళీ అడిగారు. డైరెక్టరు తృప్తిగా గొంతు సవరించుకున్నాడు. మూడోసారి అడిగారు.

"ఉంది."

బడిలో హాజరు పలికినట్టు, ఆడపిల్ల గొంతు. పక్కనున్న సభ్యుడు ఎవరి చెయ్యో చూసుకోకుండా నా చెయ్యి పట్టేసుకున్నాడు. అధ్యక్షురాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అడిగింది.

"ఏమిటమ్మా నీ అభ్యంతరం?"

ఆ గొంతు, "తమ్ముడికి జ్వరం. ఇంటికెళ్ళాలి" అంది.

మా ఆయన గోడకు చెంప ఆనించారు. "తగ్గిందే అక్కా. ఎప్పుడో తగ్గిపోయిందే" అంటూ పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. డైరెక్టరు కోసం చూస్తే, బయట ఎండలో నిలబడి ఉన్నాడు.

పద్ధతి పాటించలేదంటూ కమిటీ ఆ ప్రకటనను తిప్పి పంపింది. అధ్యక్షురాలే పోలీసులను పిలిపించి గోడ తీయించింది. వెనక ఐసు నిలవచేసే చిన్న గది. గడియ బయటినుంచి వేసి ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు లోపల చూసుకోకుండా తలుపు వేసుకుపోయారు, చూశాక గోడ కట్టేశారు. వాళ్ళలో ఒక్కడు బతికున్నా నా చేతుల్లో అయిపోయేవాడు. లోపల దొరికిన చిన్న ఎముకలకు అంత్యక్రియలు చేశాం. వాటి పక్కనే దొరికిన సత్తు గిన్నెను అత్తగారు తన మంచం పక్క కిటికీలో పెట్టించుకుంది.

ఫ్యాక్టరీ ప్రకటన పని మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారీ మా ఆయనే వెళ్ళి చదివారు. మూడుసార్లు అడిగారు. ఎవరూ పలకలేదు. ఇక పదండని డైరెక్టరు ఎంత చెప్పినా వినకుండా పొద్దు వాలేదాకా ఆ ఎండలోనే నిలబడ్డారట.

ఇంటికి వచ్చి, "పలకలేదే" అంటూ తల్లి గదిలోనే కూలబడ్డారు. నుదురు తాకి చూస్తే కాలిపోతోంది. తడిగుడ్డ వేద్దామని గబగబా కిటికీలోని గిన్నె అందుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. గిన్నె నిండా ఐసుముక్కలు.

అత్తగారు తల తిప్పి చూసింది. ఆవిడ మొహంలో భయం లేదు.

"ఆలస్యమైందని దాన్నేమీ అనకండి. ఎండలో నడిచొచ్చింది" అంది. "ముందు వాడికి పెట్టు."

ఐసు గుడ్డలో చుట్టి ఆయన నుదుటిమీద పెట్టాను.