మరదలి తడిక సినిమా

మా మేనత్త కూతురు విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివింది. "ఏం బొమ్మలవి?" అని మా ఊరు కవిటిలో ఎవరైనా అడిగితే జవాబు చెప్పేది నేనే. మా గ్రంథాలయంలో కళల బీరువా మొత్తం చదివినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే మరి. ఆ బీరువాలో పుస్తకాలున్నది ఒక్క అరలోనేనని, మిగతా అరల్లో సున్నం డబ్బాలున్నాయని మరదలు ప్రచారం చేస్తుంటుంది.

పోయినేడాది ఆమె ఒక ప్రొజెక్టరు పట్టుకుని ఊరొచ్చింది. వాళ్లమ్మ అల్లే కొబ్బరాకు తడికే తెరట. దాని మీద మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి వీడియో వేస్తుందట. అత్తకూ ఆ జబ్బే. డయాలసిస్ కోసం పలాస వెళ్లొస్తుంటుంది. సూది గుచ్చడానికి వీలుగా ఆమె ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపారు. అక్కడ నరం ఉబ్బి, చెవి పెడితే గుయ్‌మంటుంది. ఆ చెయ్యి, ఆ చప్పుడు కావాలంది మరదలు.

అత్త చేతి మీదికి కొంగు లాక్కుంది. "నా సెయ్యి ఊరందరికీ సూపెట్టి ఏటి సేత్తావే?"

"అందరికీ తెలియాల గదమ్మా."

"తెలీకేటి? తెలిసినకాడ్నించే గదా ఈ గోల! పక్కింటి ఒదిన నాతో దెబ్బలాడి ఎన్నాళ్లయినాదో. నా తడిక సూసి నవ్వే మనిసి, ఇప్పుడు 'పాపం కూకో ఒదినా, నానల్లుతాను' అంటాది. ఇంక సినిమా కూడా తీసినావంటే నన్ను మంచం దిగనివ్వరు."

మరదలు మళ్లీ అడగలేదు. కెమెరా సంచిలోనే ఉండిపోయింది. సాయం చేద్దామని నేనే బోర్డు మీదికి ఒక పేరు రాసి తెచ్చి చదివి వినిపించాను: "వ్యాధిపీడిత దేహాల మూగ ఆర్తనాదం."

"ఎవర్రా సచ్చిపోనారు?" అంది అత్త.

"బావా, మూగోళ్లు ఆర్తనాదం ఎలా సేత్తారు?" అంది మరదలు.

తల్లీకూతుళ్లు కలిసి నవ్వి చాలా రోజులైంది. నా చదువు అక్కరకొచ్చిందనే అనుకున్నాను.

ఆ నవ్వులోనే అత్త మెత్తబడింది. సూదులు, మంచం చూపించకూడదంది. చెయ్యి పని చేస్తుంటేనే తియ్యాలంది. పెరట్లో పచ్చి కొబ్బరికమ్మ చీల్చుకుని ఆమె అల్లుతుంటే మరదలు వీడియో తీసింది. అల్లిక ఆపినప్పుడు నేను మైకు పట్టుకెళ్లి ఆమె చేతికి ఆనించాను. ఆ మోత ఎందుకొస్తుందో వివరించబోయాను కూడా.

"ఏ పుస్తకంలో సదివినావురా? నా సేతి మీదే రాసున్నాదేటి?" అంది అత్త.

చీకటి పడగానే ఆ తడికనే వీధిలో నిలబెట్టి వీడియో వేశాం. తడిక మీద రెండు చేతులు తడిక అల్లుతున్నాయి. సందుల్లోంచి జారిన వెలుగు వెనక కొబ్బరి చెట్ల మీద పడింది. గుయ్‌మనే మోతకు జనం ప్రొజెక్టరు పాడైందనుకున్నారు. అది అమ్మ చేతిలోని చప్పుడని మరదలు చెప్పింది. అంతే, ఒక్కరూ కదల్లేదు.

అత్త అందరికీ బొండాలు అందిస్తూ, "నన్ను డాకటరు తాగొద్దన్నాడు. నా వొంతు కూడా మీరే తాగండి" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ దేనికి భయపడిందో అదే జరిగేలా ఉందనిపించింది.

పక్కింటావిడ ఒక్కతే లేచి తడిక దగ్గరికెళ్లింది. ముందు కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరవాత కళ్లు చికిలించి ఒక మూలకు వంగింది.

"ఒదినా, ఈ మూలేటి ఇలా వొదులైపోనాది? కుక్క దూరిపోద్ది."

అత్త చేతిలో బొండం కింద పెట్టేసింది. "మీ తడికలోంచి ఆవే దూరినాది, మర్సిపోనావేటి!"

జనం గొల్లుమన్నారు. ఆపైన వీడియో చూసినవాళ్లు లేరు, అందరూ ఆ ఇద్దరినే చూశారు. ఇంక చాల్లే అని మరదలు ప్రొజెక్టరు ఆపబోతే అత్త కసిరింది.

"ఉంచవే! ఆ మూల నానల్లింది ఇంకోపాలి సూపెట్టు. ఈవిడ సంగతేటో తేల్చేత్తాను."