ఎండ గురించి నాలుగు మాటలు

మా మేనమామ పోయాడు. "అంకుల్ ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని మాచర్ల నుంచి టెలిగ్రాం. నరసరావుపేటలో నేను పాఠం చెబుతున్న క్లాసులోకే తెచ్చిచ్చారు. ఆ మనిషి చావు కబురు కూడా ఇంగ్లీషులోనే రావాలా అని ఏడుపుకంటే ముందు నాకు ఒళ్ళు మండింది.

ఎందుకో చెబుతాను. సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో ఆయన విజయపురి సౌత్‌లో కూలీల హాజరు రాసే టెంపరరీ గుమాస్తా. ఎస్సెల్సీ పాసయ్యాడు, గ్రామరంతా కంఠతా వచ్చు. పర్మనెంటు కావాలంటే ఇంజనీరు మెచ్చాలి. ఆయనది ఉత్తరాది, తెలుగు ముక్క రాదు. హెడ్ క్లర్కు మామయ్య చెవిన వేశాడు: "ఆదివారం టీకి పిలుస్తాడయ్యా. పరీక్షేం కాదు, ఊరికే కబుర్లు. నోరున్నోడికే ఉద్యోగం."

ఇంకేముంది! నేను మామయ్య వాళ్ళింట్లోనే ఉండి చదువుకునేదాన్ని కదా, నన్ను ఉత్తుత్తి ఇంజనీరును చేశాడు. నేను గొంతు పెంచి "దిస్ హీట్ ఈజ్ టెరిబుల్" అనేదాన్ని. ఆయన ఎదురు మంచం మీద కాలు మీద కాలేసుకుని, "ఎస్ సర్, బట్ ఈవినింగ్ రివర్ బ్రీజ్ వెరీ నైస్ సర్, యూ మస్ట్ సిట్ అవుట్‌సైడ్ సర్" అని అల్లుకుపోయేవాడు. అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి కసిరేది.

"ఏందయ్యా ఆ గోల! కూరలో ఉప్పేశానో లేదో కూడా మర్చిపోతన్నా."

"ఆగవే! ఇది కుదిరితే మనకి క్వార్టర్సు ఇస్తారు."

"గ్రామరు పుస్తకంలో దొరుకుద్దే, కబురు మాత్రం మనిషి దగ్గరే దొరుకుద్ది" అనేవాడు నాతో. నేను తప్పు మాట్లాడితే నవ్వేవాడు కాదు. నేను నోరు మూసుకుంటేనే ఆయనకు కోపం.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళినవాడు ఇట్టే తిరిగొచ్చాడు. మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు గానీ అడిగాను.

"కూర్చోమన్నాడే. కూర్చోలా. ఎండ చానా ఉందన్నాడు. ఎస్ సర్ అన్నా."

"తర్వాత?"

"తర్వాతేముంది? అంత పెద్దాయన ముందు పనీపాటా లేని మాటలు నేనెట్టా మాట్టాడతానే? మా నాయన వింటే చెంప పగలగొట్టేవాడు. చేతులు కట్టుకుని నిలబడ్డా. మాటలు రాక కాదు, అన్నీ ఇక్కడిదాకా వచ్చినయ్యి" అని గొంతు పట్టుకుని చూపించాడు.

మనిషి మంచివాడే గానీ ఇంగ్లీషు రాదని ఇంజనీరు తేల్చేశాడట. పెద్దల ముందు నోరు మెదపకుండా నిలబడ్డమే మర్యాదని ఇంట్లో నేర్పిన బుద్ధి! ఆ మర్యాదే ఆయన కూడు తీసింది. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. కొన్నాళ్ళకు టెంపరరీ వాళ్ళను తీసేస్తే, మామయ్య మాచర్ల నాపరాళ్ళ గనిలో రాయి కొట్టే పనికి పోయాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక దగ్గే దగ్గు. మందులు వాడాం, మొక్కులు మొక్కాం, ఏదీ పని చెయ్యలేదు.

అయినా నన్ను వదల్లేదు మహానుభావుడు. సెలవులకు వెళ్తే, దగ్గు తెరిపిచ్చినప్పుడల్లా "ఏమే, మాట్టాడు" అనేవాడు. నాకు టీచరుద్యోగం వచ్చిందంటే ఆయన చలవే. ఆయనకు మాత్రం ఏ పరాయి మనిషితోనూ రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడే భాగ్యం దక్కలేదు.

దినం అయ్యాక మాచర్లలో బస్సెక్కాను. డ్యాం చూసి వస్తున్న అరవావిడ ఒకామె పక్కన కూర్చుంది. బస్సు ఆలస్యమని ఇంగ్లీషులో కదిపింది. బస్సుల గురించి, పిల్లల గురించి, బజార్లో ధరల గురించి హాయిగా చెప్పుకుంటూ పోయాం. చావింటి నుంచి వస్తున్నానన్న సంగతే కాసేపు మరిచాను. గురజాల దాటాక ఆమె నా చెయ్యి తట్టి, ఇంత చక్కగా మాట్లాడటం ఎవరు నేర్పారమ్మా అంది.

మా మామయ్య అనబోయి, ఆ ఆదివారం ఆయన పట్టుకున్నట్టే గొంతు పట్టుకున్నాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి తీసేసుకుని కిటికీ వైపు తిరిగింది.