హెడ్‌ఫోన్ల మీద పంచాయితీ

ఇంట్లో కూర్చుని కూడా ఉద్యోగం చేయొచ్చన్న మాట మా గౌడవెల్లికి అప్పుడప్పుడే చేరిన రోజులవి. ఉద్యోగమంటే పొద్దున్నే బండి మీద మేడ్చల్ వైపు ఫ్యాక్టరీకి పోవడమే అనుకునే ఊళ్లో, కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడితే జీతమిస్తారంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్మాను. సోమవారం పొద్దున పరీక్ష. అవతలివాళ్లు చెప్పింది విని, తప్పు లేకుండా బదులు చెప్పాలి. గెలిస్తే ఉద్యోగం, లేకపోతే నాయిన చూపించిన ఫ్యాక్టరీ. అందుకోసమే కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాను. అవ్వ వాటికి దిష్టి కూడా తీసింది. (నాకెప్పుడూ తీయలేదు. అది వేరే సంగతి, కానీ గుర్తుంది.)

ఇక మా బావ, అంటే అక్క మొగుడు. చుట్టుపక్కల పెళ్లిళ్లకు డీజే పెట్టేది ఆయనే. వాళ్ల పెళ్లిలో సొంత బామ్మర్దినైన నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టి, ముక్కలన్నీ అయిపోయాక మిగిలిన కూర వడ్డించారు. ఆ మంట చల్లారకముందే, శనివారం సాయంత్రం ఊళ్లో పెళ్లి బరాత్ ఉంటే, తన హెడ్‌ఫోన్ల వైరు తెగిందని అడగకుండా నావి తీసుకెళ్లి డీజే మిషన్‌కు తగిలించాడు. నేను చూసేసరికి అవి ఆయన మెడలో ఉన్నాయి. అందులోంచి వచ్చే పాట ఇవతల నిలబడ్డ నాకు వినిపిస్తోంది.

ఆదివారం పొద్దున పెట్టుకుని చూస్తే ఎడమవైపు మందగించింది. పాట మార్చాను, వైరు పీకి మళ్లీ పెట్టాను, దూదితో తుడిచాను, ఊదాను. కుడివైపు గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది, ఎడమవైపుది దుప్పటి ముసుగేసుకున్నట్టుంది. నాయిన పెట్టుకుని బాగానే ఉన్నాయన్నాడు. అక్క కూడా అదే చెప్పింది కానీ, అక్క సాక్ష్యం చెల్లదని అప్పుడే తేల్చేశాను.

మా దగ్గర గట్టు తగాదా అయినా, కోడి పోయినా పెద్దమనుషుల దగ్గరికే పోతారు. నేనూ పోయాను. ప్లాట్ల పటేల్ అని ఒక పెద్దాయన. ఒకప్పుడు సేద్యం, అప్పటికి శామీర్‌పేట దారిలో ప్లాట్ల వ్యాపారం. తన ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, బావను పిలిపించి, నలుగురి ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పాట మొత్తం విన్నాడు, రెండో పాట కూడా విన్నాడు. చివరికి ఇష్టం లేకుండానే తీసి, “రెండు దిక్కుల మంచిగనే ఇనవడ్తాంది” అన్నాడు. పటేల్‌కు ఒక చెవి వినిపించదన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేను అన్నాను. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా పటేల్ మొహం వైపు చూశారు.

బావ మాత్రం నింపాదిగా, “బామ్మర్దీ, గవి తిప్పి పెట్టుకో. ఎడమది కుడి చెవుకు, కుడిది ఎడమ చెవుకు” అన్నాడు.

ఎడమది ఎడమకే పెట్టుకోవాలని దాని మీదే రాసి ఉందని వాదించాను. పటేల్ “పెట్టుకోరా” అన్నాక తప్పలేదు. పెట్టుకున్నాను. ఈసారి ఎడమ చెవికి పెట్టిన కుడిది మందగించింది. అంటే హెడ్‌ఫోన్లు ఎటు తిప్పినా మందం నా ఎడమ చెవిని వదలడం లేదు.

“నిన్న బరాత్‌ల డీజే బాక్సుకు చెవు ఆనిచ్చి ఎగిరింది ఎవలు బామ్మర్దీ, నేనా నువ్వా?”

అందరూ నవ్వారు. ఇంకొకడైతే తల దించుకుని ఇంటికి పోయేవాడు. నేను లేచి నిలబడ్డాను. “చప్పుడుతోని నష్టమైందన్న. అయిందా లేదా? చెవుకైతే ఏంది, హెడ్‌ఫోన్‌కైతే ఏంది? చప్పుడు ఎవలది?”

పటేల్ మీసం దువ్వుకుని, పోరగాడి మాటలో న్యాయముందన్నాడు. మర్నాడు పొద్దున ఒక పెళ్లింటివాళ్లు మా గల్లీ మీదుగా పోచమ్మ గుడికి ఊరేగింపుగా బోనం తీసుకెళ్తున్నారు. డీజే బావదే. నా పరీక్ష అయ్యేదాకా మా గల్లీలో అది నోరు తెరవకూడదని తీర్పు చెప్పాడు.

సోమవారం నేను కుడి చెవిని నమ్ముకుని కూర్చున్నాను. అవతలివాళ్లు ప్రశ్నలు మొదలుపెట్టారు. కిటికీలోంచి చూస్తే బోనాలెత్తుకున్న ఆడవాళ్లు వరసగా, మాట లేకుండా నడుస్తున్నారు. వెనక డీజే బండి మూగగా దొర్లుతోంది. అందరికంటే ముందు మా బావ, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఇంటింటి గుమ్మానికీ సైగ చేస్తూ. నేను ఒక్క జవాబూ తప్పు చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. చెవి దానంతటదే బాగైంది కూడా. (ఆ సంగతి బావకు చాలాకాలం చెప్పలేదు.)

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో అద్దాల గదిలో పనిచేస్తున్నాను. ఎంత ముఖ్యమైన మాటలో ఉన్నా బయట ఎవరూ గొంతు తగ్గించరు. ఫిర్యాదు చేస్తే చూద్దామంటారు. అప్పుడల్లా ఆ మొండి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి కోసం ఒక పెళ్లింటి బోనాల ఊరేగింపు మొత్తం చప్పుడు మింగుకుని నడిచింది. వాడేమో కిటికీలోంచి చూసి, తనకు రావాల్సిన న్యాయం వచ్చిందని మాత్రమే అనుకున్నాడు.